హ్యాండిల్‌కు కట్టని తాళంచెవి

దబ్బనం గోనెలోంచి ఇవతలికి రాగానే సంతోషమ్మ పురికొసను పళ్లతో పట్టి బిగించి లాగింది. చిత్తూరు స్టేషను పార్సిల్ ఆఫీసు వరండాలో, తూకం మిషను పక్కన కూర్చుని, సైకిలుకు గోనెసంచులు చుట్టి కుడుతోంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నెల రోజులుగా కాయలు కోసి కోసి ఆమె వేళ్లు సొనకు నల్లబడి ఉన్నాయి. దబ్బనం పట్టు జారినప్పుడల్లా చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటోంది.

లోపల్నుంచి గుమాస్తా ధనంజయ కేకేశాడు. "తాళమేమన్నా ఉందా అమ్మా దానికి?"

"లేదు సార్."

"ఉంటే తీసెయ్యి. తీయలేకపోతే తాళంచెవి హ్యాండిల్‌కు కట్టు. బండి ఇక్కడ ఆగేది రెండు నిమిషాలు. సామాన్ల పెట్టె చిట్టచివర ఉంటుంది. అందాకా దొర్లించుకుంటూ పరుగెత్తాలి మావాళ్లు."

"లేదన్నా కదా సార్."

అప్పటికి తాళం ఆమె చేతిసంచిలోనే ఉంది. గుమాస్తా తల వంచి రసీదు రాయడంలో పడ్డాడు. కూతురు కృపారాణి టికెట్ల వరుసలో నిలబడి ఉంది. సంతోషమ్మ ఒకసారి అటూ ఇటూ చూసి గొలుసు బయటికి తీసింది. వెనక చక్రం ఊచల్లోంచి దూర్చి, ఫ్రేము చుట్టూ తిప్పి, తాళం నొక్కింది. టక్కుమన్న ఆ చప్పుడు వినేసరికి, పొద్దున్నుంచి పట్టుకున్న భయం కొంచెం తగ్గింది. గోనె అంచు దాని మీదికి లాగి కుట్టేసింది. తాళంచెవిని రవికలో దాచుకునే చిన్న పర్సులో వేసుకుంది.

రైల్లో వేసిన సామాను సంగతి ఆమెకు వరలక్ష్మమ్మ చెప్పింది. కాయలు కోసే బల్ల దగ్గర పక్క మనిషి. "రైల్లో ఏస్తావా సైకిలు? మా మరిది ఏసినాడు. ఆడికి బెల్లు రాలే, సీటు రాలే. వట్టి గొట్టాలొచ్చినాయి." ఆ మాట విన్న రోజు సంతోషమ్మకు అన్నం దిగలేదు. కానీ వేరే దారి కూడా లేదు. బస్సుల నెత్తిన సామాను వేసుకునే నిచ్చెనలు ఎప్పుడో తీసేశారు. తిరుపతిలో కృపకు ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఇంటింటికీ పోయి రక్తం తీసుకురావాలి. "సోమవారం ఆరింటికి సైకిలుతో వచ్చి నిలబడు. లేకపోతే ఇంకో అమ్మాయి స్కూటీతో రెడీగా ఉంది" అని ఖచ్చితంగా చెప్పారు వాళ్లు. ఇవాళ శుక్రవారం.

కృప టికెట్లు తీసుకుని వచ్చి సైకిలును చూసి నవ్వింది. "ఏంది మా ఇది? సైకిలుకు చీర గట్టినట్టుండాది."

"ఎర్ర సైకిలని తెలీకూడదు. సూసినోడి కన్ను పడకూడదు."

"రైలుకు కన్నుంటాదా?"

"రైలుకు ల్యా. ఎక్కించేటోడికుంటాది."

ఎక్కించేవాడు అప్పుడే వచ్చాడు. నలభై దాటిన మనిషి, తలకు తువ్వాలు. అట్టముక్క మీద రాసిన పేరూ ఊరూ చదివి, అది ఊడకుండా ఇంకో ముడి వేశాడు. వంగి ముందు టైరును బొటనవేలితో నొక్కాడు. గోనె మీంచే తడిమి బెల్లు ఎక్కడుందో కనుక్కుని ఒకసారి మోగించాడు. గోనెలో అది గొంతు పట్టేసినట్టు మోగింది.

"గాలి బాగుండాది. లేడీసు సైకిలా అక్కా? ఇది యాడ తీసుకున్నారు?"

సంతోషమ్మ లేచి సైకిలుకూ అతనికీ మధ్య నిలబడింది. "మాదే. నీకెందుకు?"

"ఊరికే అడిగినా. కొత్తదా, పాతదా అని."

"కొత్తదైతే ఏంది, పాతదైతే ఏంది? సోమారం ఆరింటికి నా కూతురు దీని మీద డ్యూటీకి పోవాల. దీనికేమన్నా అయిందో, నేను ఊరుకునేదాన్ని కాదు. నీ పేరేంది?"

"మునిశేఖర్."

"రాసుకో కృపా."

కృప తల దించుకుని ఫోనులో రాసుకుంటున్నట్టు వేలు ఆడించింది. మునిశేఖర్ తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు. "ఎక్కిస్తా అక్కా. నా పనే అది" అన్నాడు పోతూ పోతూ.

పోయేవాడి వీపును సంతోషమ్మ వరండా మలుపు దాకా చూసింది. టైరు ఎందుకు నొక్కాలి? బెల్లు ఎందుకు మోగించాలి? బేరానికి వచ్చినోడే అట్లా చూస్తాడు.

తిరుపతి ప్యాసింజరు వచ్చేసరికి ప్లాట్‌ఫారం జనంతో నిండిపోయింది. సైకిలు ఎక్కేది కళ్లారా చూసి ఎక్కుదామని ఆమె అనుకుంది. కృప రెక్క పట్టి లాగింది. ఇద్దరూ ముందరి పెట్టెలో తలుపు దగ్గర ఇరుక్కున్నారు. సంతోషమ్మ మెడ బయటికి చాపి వెనక్కి చూసింది. మూటలూ, తలలూ తప్ప ఏమీ కనపడలేదు. ఎక్కడో దూరంగా ఎవరో అరుస్తున్నారు. రైలు కదిలింది.

పాకాలలో ఆగినప్పుడు దిగబోయింది. "ఒక్క అంగలో పోయి చివరి పెట్టె సూసొస్తా."

"దిగితే రైలెళ్లిపోతాది. నిన్ను పార్సిలు చేసి పంపించమనాల వాళ్లని" అంది కృప. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. సంతోషమ్మ నవ్వలేదు. చంద్రగిరి దాటేదాకా ఆమె చెయ్యి పర్సున్న చోటే ఉంది. చెవి నా దగ్గరుంది, చక్రం తిరగదు, ఎవడూ తొక్కుకుని పోలేడు అని తనకు తానే చెప్పుకుంది.

తిరుపతిలో రైలు పూర్తిగా ఆగకముందే దిగి వెనక్కి పరుగు తీసింది. సామాన్ల పెట్టె తలుపు తీశారు. పూల బుట్టలు దిగాయి. అట్టపెట్టెలు దిగాయి. చక్రాలకు గడ్డి చుట్టిన మోటారు సైకిలు ఒకటి దిగింది. తరవాత లోపల వట్టి ఇనప గచ్చు కనపడింది.

"నా సైకిలు?"

గార్డు కాగితం చూశాడు. "చిత్తూరులో సైకిలు ఎక్కలేదమ్మా."

సంతోషమ్మ అక్కడే చతికిలబడింది. "నేను చెప్పలే? వాడు టైరు నొక్కినప్పుడే చెప్పలే?"

పార్సిల్ ఆఫీసులో ఒకాయన చిత్తూరుకు ఫోను చేసి మాట్లాడాడు. "అందుకోలేకపోయారట. అక్కడే భద్రంగా ఉంది, రేపు వస్తుందమ్మా" అన్నాడు.

"ఎక్కించడానికి రాని సైకిలు రేపెట్ల వస్తాది సార్? రేపటికి గొట్టాలొస్తాయి. ఫిర్యాదు పుస్తకం ఇయ్యండి."

ఏడో తరగతితో ఆగిన చదువు ఆమెది. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, కాగితం చిరిగేంత ఒత్తి రాసింది. మునిశేఖర్ అనే మనిషి సైకిలు ఎక్కడ కొన్నారని పదే పదే అడిగినాడు. టైరు నొక్కి చూసినాడు. బెల్లు మోగించి చూసినాడు. వాడే దాచిపెట్టినాడు.

కృప భుజం మీంచి చదివింది. "పదే పదే యాడ అడిగినాడు మా? ఒక్కసారే కదా."

"నోటితో ఒక్కసారి. మనసులో ఎన్నిసార్లడిగినాడో నీకేం తెలుసు?"

"మా, అంత మాట రాయబాక."

సంతోషమ్మ కింద గీత గీసి సంతకం పెట్టింది.

*

శనివారం పొద్దున కూతుర్ని హాస్టల్లో వదిలి మొదటి బస్సు పట్టుకుంది. ఫ్యాక్టరీకి పోవాల్సిన రోజు. మామిడి సీజన్లో ఒక్కరోజు మానితే బల్ల దగ్గర ఇంకొకరు నిలబడిపోతారు. అయినా తిన్నగా స్టేషనుకే వెళ్లింది. దొంగను దొంగసొమ్ము దగ్గరే పట్టుకోవాలి. దారి పొడుగునా సైకిలును ఒక్కో ముక్కగా ఊడదీస్తూనే ఉంది మనసు. ముందు సీటు పోయింది, తరవాత చైను పోయింది, ఆఖరికి తను కుట్టిన గోనె ఒకటే మిగిలింది.

నిన్న సైకిలు ఆనించిన గోడ దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. పురికొస ముక్కలు రెండు నేల మీద పడి ఉన్నాయి. వాటిని ఏరి చేతిలో పట్టుకుని లోపలికి నడిచింది.

"యాడ సార్ నా సైకిలు?"

ధనంజయ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వేనా? పొద్దున మొదటి బండికి పోయిందమ్మా."

"ఎవరు ఎక్కించినారు?"

"మునిశేఖరే."

"పిలవండి వాణ్ని."

"వాడు లేడు. నీ ఫిర్యాదు సంగతి తిరుపతి వాళ్లు నిన్ననే ఫోనులో చెప్పారు. దొంగతనం మాట రాశావు. హమాలీల కాంట్రాక్టరు వాణ్ని ఇక రావొద్దన్నాడు. పన్నెండేళ్ల నుంచి ఉన్నాడు ఇక్కడ. రావొద్దన్నా కూడా పొద్దున్నే వచ్చి, ఆ సైకిలు ఎక్కించి పోయాడు."

సంతోషమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "రావద్దంటే కూడా వచ్చినాడా? పని ల్యా, కూలి ల్యా, ఊరికే వచ్చినాడా? ఎక్కించినాడో, గేటు బయటికి తోసుకొని పోయినాడో సూసినారా మీరు?"

"చూశానమ్మా. నా కళ్లతోనే..."

"మీరు సూసింటారు. అందరూ ఒకటే కదా. వాడి ఇల్లు యాడో చెప్పండి. పోలీసోళ్లని తీసకపోతా."

"గూడ్సు షెడ్డు వెనక లైను. చివరి ఇల్లు. పో, ఎవరినన్నా తీసుకుపో" అన్నాడు ధనంజయ విసిగిపోయి.

ఆమె గుమ్మం దాటబోతుండగా ఫోను మోగింది. కృప. చెవి దగ్గర పెట్టుకున్నా గది అంతా వినపడే పాత ఫోను అది.

"మా, సైకిలు వచ్చింది!"

సంతోషమ్మ గుమ్మంలోనే ఆగింది. "అన్నీ ఉండాయా? బెల్లు? సీటు?"

"అన్నీ ఉండాయి. గోనె ఒక్క పోగు కూడా చిరగలే. కానీ మా, ఎనక చక్రం తిరగడంల్యా. గోనె విప్పి సూస్తే గొలుసేసి తాళమేసుండాది. నువ్వేసినావా?"

ఆమె చెయ్యి తనంతట తానే పర్సు దగ్గరికి పోయింది.

"ఈడ ఇద్దరు మోసి దించినారంట. తిడతా ఉండారు. తాళం తీసి సూపించి తీసకపొమ్మంటాండారు. చెవి యాడుండాది మా?"

"నా దగ్గిరే" అంది సంతోషమ్మ. ఫోను పెట్టేసింది.

ధనంజయ కుర్చీలోంచి లేచి వచ్చాడు. గొంతు పెంచలేదు. "తాళమా? రెండుసార్లు అడిగాను నిన్ను. లేదన్నావు."

ఆమె పురికొస ముక్కలను వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

"అదా సంగతి. నిన్న బండి రాగానే వాడు దాన్ని తోశాడు. కదల్లేదు. ఎత్తి భుజాన వేసుకున్నాడు. దొర్లించుకుని పోరా, ఎందుకు మోస్తావు అని ఇక్కణ్నుంచి నేను అరిచాను. వాడు పలకలేదు. సగం ప్లాట్‌ఫారం పోయేసరికి బండి కదిలిపోయింది. అంత బరువేసుకుని బండి వెంబడి కూడా పరుగెత్తాడు. పిచ్చివాడనుకున్నాను. ఇవాళ పొద్దున బండి రాకముందే దాన్ని ప్లాట్‌ఫారం చివర దాకా మోసుకుపోయి అక్కడ నిలబడ్డాడు. తాళముందని ఒక్క మాట చెప్పలేదు నాకు."

"ఎందుకు చెప్పలేదు?" అంది సంతోషమ్మ. అంతలోనే మళ్లీ అనుమానం వచ్చింది. చెప్పకపోవడంలో వాడికేం లాభం? ఎంత వెతికినా లాభం దొరకలేదు. దొరక్కపోయేసరికి భయమేసింది.

ధనంజయ పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. "సరే, సైకిలు చేరింది. 'సామాను అందింది, ఇక ఫిర్యాదు లేదు' అని ఒక ముక్క రాసి సంతకం పెట్టు. తాళం మాట ఎత్తొద్దు."

"అట్ల రాస్తే ఆయన్ను మళ్లీ పనిలోకి తీసుకుంటారా?"

"అది కాంట్రాక్టరు ఇష్టం. వేరే మనిషిని మాట్లాడినట్టున్నాడు."

"తాళం నేనే ఏసినానని రాస్తే?"

ధనంజయ కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "రాస్తే చూడకుండా బుక్ చేశానని నా మీదికొస్తుంది. అబద్ధం చెప్పి బుక్ చేశావని నీ మీదికొస్తుంది. సైకిలు ఇంకా తిరుపతి ఆఫీసులోనే ఉంది కదా, ఆపేసినా ఆపేస్తారు. సోమవారం మీ పాపకు డ్యూటీ అన్నావు. ఆలోచించుకో."

ఆలోచన ఆమెకు కొత్తగా అక్కర్లేదు. అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చేశాయి. సైకిలుకు సీలు వేస్తారు. కృప సోమవారం ఆరింటికి వట్టి చేతులతో నిలబడుతుంది. స్కూటీ పిల్ల లోపలికి పోతుంది. రైల్వే పోలీసులు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి తన పేరు పిలుస్తారు. ఏ ఒక్కటీ జరగదని చెప్పేవాళ్లు పక్కన ఎవరూ లేరు.

కలం తీసుకుంది. 'సామాను అందింది' అని రాసింది. అక్కడ ఆగింది. బయట ప్లాట్‌ఫారం మీద కొత్త హమాలీ ఎవరో అట్టపెట్టెల బండి తోసుకుపోతున్నాడు. బండి చక్రాలు నేల మీద గలగలా దొర్లిపోతున్నాయి. ఆమె ఆ చప్పుడు దూరమయ్యేదాకా విని, మళ్లీ వంగింది. నిన్నటిలాగే కాగితం చిరిగేంత ఒత్తి రాసింది.

సైకిలుకు తాళం నేనే వేసినాను. గుమాస్తా గారు అడిగితే లేదని అబద్ధం చెప్పినాను. తాళం మీద గోనె కుట్టినాను. చక్రం తిరగక మునిశేఖర్ భుజాన మోసినాడు. అందుకే రైలు తప్పింది. ఆయన మీద నేను రాసింది తప్పు. ఆయన్ను పనిలో పెట్టుకోవాలి.

పుస్తకం తిప్పి గుమాస్తా ముందుకు తోసింది. "మీకేమీ రాదు సార్. మీరు అడిగినారనీ, నేను లేదన్నాననీ రాసినా. జరిగింది అదే కదా."

ధనంజయ రెండుసార్లు చదివాడు. ముద్ర అందుకుని, దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని, తరవాత వేశాడు. ఆమె గుమ్మం దిగుతుంటే వెనక ఫోను నంబరు నొక్కుతున్న చప్పుడు వినపడింది. అది కాంట్రాక్టరుకా, పోలీసులకా? వెనక్కి తిరిగి చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

*

గూడ్సు షెడ్డు వెనక లైనులో చివరి ఇంటి గడప మీద మునిశేఖర్ కూర్చుని ఉన్నాడు. బనీను కింద కుడి భుజం మీద పసుపు పూసి ఉంది. పెడలు గీసుకుపోయిన చోట రెండు ఎర్రటి చారలు పైకి తేలి ఉన్నాయి. ఒడిలో బడిసంచి పెట్టుకుని, తెగిన పట్టీని దబ్బనంతో కుడుతున్నాడు. చెయ్యి పైకి లేవక కుట్లు ఎడాపెడా పడుతున్నాయి.

ఆమెను చూసి లేవబోయాడు. "సైకిలు చేరలేదా అక్కా?"

"చేరింది."

"అబ్బ! పొద్దున్నుంచి అదే అనుకుంటా ఉండా."

సంతోషమ్మ దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ పసుపు చూడగానే పోయాయి. గడప పక్కన కూర్చుని, అతని ఒళ్లోంచి సంచి లాక్కుంది. అతను వేసిన కుట్లు విప్పి, పట్టీని మడిచి, మొదటినుంచి కుట్టడం మొదలుపెట్టింది.

"తాళం నేనే ఏసినానని రాసిచ్చి వచ్చినా అప్పా" అంది తలెత్తకుండా.

అతను ఉలిక్కిపడ్డాడు. "రాసేసినావా? ఎందుకక్కా! సైకిలు ఆపేస్తే?"

"నువ్వెందుకు చెప్పలే?"

"చెప్పింటే దాన్ని ఈడనే పెట్టేసుందురు. ఓనరొచ్చి తాళం తీసినంక ఎక్కియ్యాల, అది రూలు. మీరు తిరుపతిలో ఉండారు. మీరు మళ్లొచ్చి, తీసి, మళ్లీ బుక్ చేసి... సోమారం అయిపోదా? పాపకు ఆరింటికి డ్యూటీ అని నువ్వే అంటివి కదా. నా పేరు గూడా రాపిచ్చుకుంటివి." చివరి మాట దగ్గర అతనికి నవ్వొచ్చింది. నవ్వితే భుజం లాగింది. పళ్లు బిగపట్టాడు.

దబ్బనం సంచిలోంచి దిగి, ఇవతలికి వచ్చి, మళ్లీ దిగింది. సంతోషమ్మ ముక్కు చీదుకుంది.

"నేనంత మాట రాస్తినే. పొద్దున మళ్లీ ఎట్ల పోయినావప్పా?"

"కోపం రాలేదని ఎట్ల చెప్తా? వచ్చింది. అయినా ఎక్కిస్తానని చెప్పింటి కదా." ఫోను చూపించాడు. "ఇందాకే కాంట్రాక్టరు చేసినాడు. రేపు వచ్చి కనపడమన్నాడు. పెట్టుకుంటాడో, నాలుగు తిట్టి పంపిస్తాడో."

"నేనొస్తా. నాలుగూ నేనే తింటా."

"నువ్వు ఫస్టు తిరుపతికి పో. చెవి నీ దగ్గర పెట్టుకొని ఈడ కూసోనుండావు. ప్యాసింజరుకు టైమయింది."

ఆమె ఆఖరి ముడి వేసి, పురికొసను పళ్లతో కొరికింది. పట్టీని రెండు చేతులతో లాగి చూసి సంచి అతనికి ఇచ్చింది. లేచి నాలుగు అడుగులు వేసిందో లేదో వెనక నుంచి అతని గొంతు, కొంచెం మొహమాటంగా.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఆ సైకిలు యాడ తీసుకున్నారు?"

సంతోషమ్మ తిరిగింది. అతను బడిసంచిని మోకాళ్ల మీద పెట్టుకుని, దాని వైపే చూస్తున్నాడు. "మా పాపకు ఈ ఏడు హైస్కూలు. మూడు కిలోమీటర్లు నడస్తాది. అట్లాంటిదే ఎర్రది కావాలంటాది. నీది ఎర్రదని మీరు మాట్లాడుకుంటా ఉంటే విన్నా. అందుకే అడిగినా నిన్న."

రైలు వచ్చే వేళ దగ్గర పడుతోంది. ఆమె వెనక్కి వచ్చి అతని ముందు నిలబడింది. "చర్చి వీధిలో మునిప్రసాదని ఉంటాడు, రిపేరు అంగడి. పాతవి బాగు చేసి అమ్ముతాడు. పోయిన వెంటనే ఎర్రది అడగబాక, బెట్టు చేస్తాడు. ముందు బ్రేకులు సూడు. ఎనక చక్రం ఎత్తి తిప్పి సూడు, వంకరుంటే తెలిసిపోతాది. పాపకు చెప్పు, లారీలొచ్చే రోడ్డున పోవద్దని. వానొస్తే దిగి నడవమను. మొగమెరగనోళ్లు ఎక్కుతామంటే ఎక్కించుకోవద్దను. ఇంకొకటి అప్పా, తాళం మాత్రం మంచిది..."

అక్కడ ఆగిపోయింది.

మునిశేఖర్ ఎడమ చేత్తో భుజం అదిమి పట్టుకుని, నొప్పికి కళ్లు మూసుకుని మరీ నవ్వాడు. "కొంటాలే అక్కా. నువ్వు బిన్నా పో, రైలెళ్లిపోతాది."

ఆమె పర్సులోంచి తాళంచెవి తీసి, వేలికి చుట్టి ఉన్న పురికొస ముక్కను దానికి ముడేసి, గుప్పిట్లో పట్టుకుని స్టేషను వైపు పరుగెత్తింది.